ఎనిమిది మంది, ఆరు రాత్రులు, పదకొండు రెస్టారెంట్ల జాబితా: ఒక డిస్నీ వరల్డ్ ప్రయాణం కేస్ స్టడీ

నేపథ్యం

అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాలకు సెలవుల ప్రయాణాలు కుదిర్చిపెట్టడం నా వృత్తి. వాటిలో ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్ ప్రయాణాలు ఎక్కువ. అక్కడ రెస్టారెంట్ బుక్ చేయడమంటే, ఫలానా రోజు ఫలానా నిమిషానికి మన వాళ్లందరూ ఫలానా గుమ్మం దగ్గర ఉంటారని రెండు నెలల ముందే మాట ఇవ్వడం. ఆ మాట నిలబెట్టుకోవడానికి అయ్యే శ్రమ మెనూ కార్డులో రాసి ఉండదు. ఈ కుటుంబం విషయంలో అది చాలా స్పష్టంగా కనిపించింది కాబట్టి రాసి పెడుతున్నాను. ఊరు, ఉద్యోగాలు, తేదీలు, హోటల్ పేరు వదిలేశాను.

భార్యాభర్తలు, వాళ్ల పదేళ్ల పాప, రెండేళ్ల బాబు, పిల్లల దగ్గర కొన్నాళ్లు ఉండిపోదామని వచ్చిన భర్త తల్లిదండ్రులు, భార్య తమ్ముడు, అతని భార్య. మొత్తం ఎనిమిది మంది. జూన్‌లో ఆరు రాత్రులు. డిస్నీ సొంత హోటళ్లలో స్కైలైనర్ స్టేషను ఉన్న ఒకదానిలో రెండు గదులు అప్పటికే తీసుకున్నారు. స్కైలైనర్ అంటే 2019 సెప్టెంబరులో మొదలైన రోప్‌వే. నాలుగు హోటళ్లను ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్ పార్కులతో కలుపుతుంది. మిగతా రెండు పార్కులకు, అంటే మ్యాజిక్ కింగ్‌డమ్‌కూ యానిమల్ కింగ్‌డమ్‌కూ, ఆ హోటల్ నుంచి బస్సు ఎక్కాల్సిందే. ఈ చిన్న భౌగోళిక సత్యం తర్వాత చాలా నిర్ణయాలను శాసించింది.

తాతగారికి మధుమేహం, భోజనానికి ముందు ఇన్సులిన్. బామ్మగారిది శాకాహారం, మోకాళ్ల నొప్పి. "ఉల్లి, వెల్లుల్లి ఊరు దాటాక పట్టించుకోను గానీ, గుడ్డు మాత్రం ముట్టను" అని ఆవిడ ముందే చెప్పేశారు. ఇంత స్పష్టంగా చెప్పేవాళ్లు దొరకడం నా వృత్తిలో అదృష్టం. చాలామంది "మాకేమీ పట్టింపుల్లేవండీ" అంటూ మొదలుపెట్టి, తీరా కంచం ముందుకొచ్చాక నియమాలు గుర్తు చేసుకుంటారు.

ఏ సమస్యతో వచ్చారు

కోడలు నా దగ్గరికి వచ్చేసరికి ఆమె చేతిలో పదకొండు రెస్టారెంట్ల జాబితా ఉంది. పేర్లకు రంగులు వేసి, ప్రాధాన్యం ప్రకారం అంకెలు వేసి, ఎంతో శ్రద్ధగా తయారు చేసుకున్నారు. కోట లోపల ఉండే సిండ్రెల్లాస్ రాయల్ టేబుల్ మొదటిది. కాంటెంపరరీ హోటల్లో మిక్కీ మౌస్ టేబుల్ దగ్గరికి వచ్చి పలకరించే షెఫ్ మిక్కీస్ రెండోది. తమ్ముడు కోరిన స్పేస్ 220 మూడోది. అది ఎప్‌కాట్‌లో 2021లో తెరిచిన రెస్టారెంట్, భూమికి 220 మైళ్ల ఎత్తున అంతరిక్ష కేంద్రంలో కూర్చున్న భ్రమ కల్పిస్తుంది. తక్కినవన్నీ ఎవరో ఒకరు బాగుందన్నవే.

ఆమె అడిగింది ఒక్కటే: "దొరికినవన్నీ ముందు పట్టేసుకోమంటున్నారండీ అందరూ. నచ్చకపోతే తర్వాత రద్దు చేసుకోవచ్చు కదా?"

ఆ సలహాలో తప్పేమీ లేదు. నిబంధనలు అందుకు వీలిస్తాయి కూడా. ఎవరికైనా 60 రోజుల ముందు బుకింగ్ తెరుచుకుంటుంది. డిస్నీ హోటల్లో దిగేవాళ్లకు అదనపు వెసులుబాటు ఉంది: చెక్-ఇన్ రోజుకు 60 రోజుల ముందు ఒకేసారి తమ బస మొత్తానికి, పది రోజుల వరకు, బుక్ చేసుకోవచ్చు. 2020కి ముందు ఈ గడువు 180 రోజులు. ఇప్పటికీ ఆరు నెలల ముందు మేలుకొమ్మని చెప్పే పాత సలహాలు చుట్టుపక్కల తిరుగుతూనే ఉన్నాయి. ఆన్‌లైన్‌లో తూర్పు అమెరికా కాలమానం ప్రకారం ఉదయం 6 గంటలకు తలుపు తెరుచుకుంటుంది, ఫోన్‌లో 7 గంటలకు. చాలా రెస్టారెంట్లలో రెండు గంటల ముందు వరకు రద్దు చేసుకుంటే రుసుము ఉండదు. చెప్పకుండా మానేస్తే మాత్రం తలకు 10 డాలర్లు.

కాబట్టి "పట్టేసుకుని తర్వాత చూద్దాం" అనేది పైసా ఖర్చు లేని పద్ధతిలా కనిపిస్తుంది. ఈ కుటుంబం విషయంలో నాకు తోచిన చిక్కు వేరు. ఆ జాబితా ఎక్కడ తినాలనే ప్రశ్నకు జవాబు. వాళ్ల అసలు ప్రశ్నలు రెండు: తాతగారికి మధ్యాహ్నం పన్నెండు గంటల ప్రాంతంలో కంచం ముందుకు రావాలి, బామ్మగారికి గుడ్డు లేని తిండి, కూర్చోవడానికి చల్లని చోటు కావాలి. పదకొండు పేర్లలో ఒక్కటి కూడా ఈ రెంటినీ దృష్టిలో పెట్టుకుని ఎంచుకున్నది కాదు.

మొదట చేసింది

అయినా మొదట జాబితా ప్రకారమే వెళ్లాం. ముందే నా అభిప్రాయం రుద్దితే, ఆ కోట లోపలి భోజనం దొరికేదేమో అన్న అనుమానం ఆమెను ప్రయాణమంతా వెంటాడుతుంది. పైగా రద్దుకు రుసుము లేదు. వెతకడం వల్ల ఏది దొరుకుతుంది, ఏది దొరకదు అన్న సమాచారమైనా చేతికొస్తుంది.

తెరుచుకునే రోజుకు ముందే చేయాల్సినవి చేశాం. రెండు గదుల హోటల్ బుకింగులనూ డిస్నీ యాప్‌లో ఒకే ఖాతాకు కలిపాం. బస వివరం ఖాతాలో కనబడకపోతే ఆ పది రోజుల వెసులుబాటు వర్తించదు, కేవలం మొదటి రోజే కనిపిస్తుంది. కార్డు వివరాలు ఎక్కించాం. రెండేళ్ల బాబును కూడా లెక్కలో చేర్చాం. మూడేళ్ల లోపు పిల్లలకు బఫేలో డబ్బు తీసుకోరు గానీ, సంఖ్యలో మాత్రం చెప్పాలి. పదేళ్ల పాపకు పెద్దల ధరే. పిల్లల ధర మూడు నుంచి తొమ్మిదేళ్ల వరకే. ఈ రెండో సంగతి విన్నాక తండ్రి ఒకసారి జాబితా వైపు, ఒకసారి పాప వైపు చూశాడు.

ఏది పని చేయలేదు

ఎనిమిది మందికి ఒకే టేబుల్ అని వెతికితే జాబితాలో మొదటిది ఏ రోజుకూ తగిన వేళలో రాలేదు. కొన్ని దొరికాయి గానీ, వేళలు చూస్తే ఒకటి మధ్యాహ్నం 2:50, ఒకటి రాత్రి 9:10, ఒకటి ఉదయం 7:30. దొరికినవన్నీ తీసుకున్నాం. కోడలు సంతోషించింది. ఆ పూట ఆమె సంతోషాన్ని చెడగొట్టబుద్ధి కాలేదు.

మర్నాడు ఆ బుకింగులను పట్టుకుని ప్రతి రోజునూ కాగితం మీద నడిపించాం. మంచం దిగిన దగ్గర్నుంచి మళ్లీ మంచం ఎక్కేదాకా. ఇది నేను అందరితోనూ చేయిస్తాను. నేను చెబితే నమ్మనివాళ్లు తమ చేత్తో రాసుకుంటే నమ్ముతారు.

ఉదయం 7:30కి కాంటెంపరరీ హోటల్లో టిఫిన్ ఉందనుకోండి. డిస్నీ హోటళ్ల మధ్య నేరుగా బస్సులు తిరగవు. ఒక హోటల్ నుంచి ఇంకో హోటల్‌కు వెళ్లాలంటే ఏదో ఒక పార్కుకో, డిస్నీ స్ప్రింగ్స్ బజారుకో వెళ్లి అక్కడ మారాలి. ఈ కుటుంబం అయితే మ్యాజిక్ కింగ్‌డమ్ బస్సెక్కి, దిగి, పది నిమిషాలు నడవాలి. బస్సు కోసం ఎదురుచూపు, ప్రయాణం, బాబు తోపుడుబండి మడవడం, విప్పడం అన్నీ కలిపితే గది నుంచి 6:15కి బయలుదేరాలి. అదీ ముందు రోజు రాత్రి విమానం దిగి పడుకున్నాక. టిఫిన్ అయ్యాక ఆ రోజు వెళ్లాల్సింది ఎప్‌కాట్‌కు. మోనోరైలెక్కి, టికెట్ కేంద్రం దగ్గర దిగి, ఎప్‌కాట్ మోనోరైలెక్కాలి. అంటే బామ్మగారు పార్కులో అడుగు పెట్టకముందే ఆవిడ మోకాళ్లకు ఆ రోజు వాటా అయిపోతుంది.

2:50 భోజనం మరీ ఇబ్బంది. ఎండ మండే వేళ చల్లగా కూర్చోవచ్చని వినడానికి బాగుంటుంది. కానీ తాతగారు పన్నెండుకో పన్నెండున్నరకో తినాలి. అప్పుడు ఏదో ఒకటి కొనిపెట్టి, మళ్లీ 2:50కి కూర్చుంటే, తలకు 50 డాలర్ల పైమాట పెట్టి ఎవరూ తినని భోజనం అవుతుంది. రాత్రి 9:10కి బాబు ఎవరి భుజం మీద నిద్రపోతాడన్నదే ప్రశ్న.

పట్టుకున్న వాటిలో సగానికి పైగా ఆ కాగితం మీదే పడిపోయాయి. "అయితే అన్నీ వదులుకోవాలా?" అని కోడలు నీరసపడింది. వదులుకోమని నేను చెప్పలేదు. ఈ జాబితా ఎవరిదో తేల్చుకుందామన్నాను.

ఒక్కొక్కరినీ అడిగినప్పుడు

వీడియో కాల్‌లో అందరినీ విడివిడిగా అడిగాను. కలిపి అడిగితే పెద్దవాళ్లు "మీ ఇష్టం" అంటారు, పిల్లలు అమ్మ ముఖం చూస్తారు.

తాతగారిని అడిగింది భోజనం గురించి కాదు. ఇంజెక్షన్ తీసుకున్నాక కంచం ఎంత ఆలస్యమైతే ఇబ్బంది అని. "కంచం కనబడ్డాకే తీసుకోవచ్చు, డాక్టరు గారూ అదే చెప్పారు. కానీ ఆకలి వేళకు వరుసలో నిలబెడితే పావుగంటలో కాళ్లలో సత్తువ పోతుందండీ" అన్నారు. మోతాదులూ వేళలూ వాళ్ల డాక్టరు చూసుకునే విషయం. నా పని వాటికి అడ్డం పడకుండా రోజును అమర్చడం. కానీ ఆ జవాబుతో నాకో దారి దొరికింది. డిస్నీలో బుకింగ్ ఉన్నా, చెప్పిన నిమిషానికి కుర్చీ సిద్ధంగా ఉంటుందనుకోకూడదు. ఖాళీ అయిన టేబుల్ మీద మనకు ముందు వరస దక్కుతుందని దాని అర్థం. కాసేపు నిలబడాల్సి రావచ్చు. కూర్చున్నాక ఆర్డర్ తీసుకుని వండి తెచ్చే చోటయితే ఇంకో ఇరవై ముప్పై నిమిషాలు. బఫే అయితే కూర్చున్న మరుక్షణం కంచం పట్టుకోవచ్చు. మధ్యాహ్నం పూట బఫే అన్న నిర్ణయం అక్కడే జరిగిపోయింది. రుచుల సంగతి తర్వాత చూశాం.

పదేళ్ల పాపను అడిగితే వచ్చిన జవాబుకు ఇంట్లోవాళ్లు బిత్తరపోయారు. "సిండ్రెల్లా చిన్నపిల్లలకు. జిరాఫీలను చూస్తూ అన్నం తినే చోటుందట కదా, అక్కడికి వెళ్దాం" అంది. కోట లోపల భోజనం అమ్మ చిన్ననాటి కోరిక. తప్పేం లేదు, అమ్మకూ సెలవులే. కానీ పాప పేరు మీద జాబితా నెత్తికెక్కిన కోరిక అమ్మదని తెలిసేసరికి, దాన్ని వదలడం ఆమెకే తేలికయింది.

తమ్ముడికి స్పేస్ 220 కావాలి. ఎనిమిది మందికి ఎందుకు వెతుకుతున్నామని అడిగాను. "అందరం కలిసి వెళ్తున్నాం కదా" అన్నాడు. కలిసి వెళ్లినవాళ్లు ప్రతి పూటా కలిసే తినాలని ఎక్కడా లేదు. అతనికీ భార్యకూ పెళ్లయ్యాక ఇద్దరే కూర్చుని తిన్న సెలవు భోజనం ఒక్కటీ లేదని తర్వాత తెలిసింది.

ఏది పని చేసింది

ఈసారి రెస్టారెంట్ల పేర్లు పక్కన పెట్టి, రోజుల నుంచి మొదలుపెట్టాం. ఏ రోజు ఏ పార్కు, ఏ వేళకు హోటల్‌కు తిరిగి రావాలి, మధ్యాహ్నం పన్నెండుకు తాతగారి కాళ్లు ఎక్కడ ఉంటాయి. ఆ కాళ్లున్న చోటికి దగ్గరలో ఏముందో అదే ఆ రోజు రెస్టారెంట్. భోజనాల బుకింగు 60 రోజుల ముందు జరుగుతుంది. రైడ్ల వరుస తప్పించే లైట్నింగ్ లేన్ మల్టీ పాస్ డిస్నీ హోటల్ వాళ్లకు ఏడు రోజుల ముందు మాత్రమే తెరుచుకుంటుంది. అంటే భోజనం గుంజలా పాతేస్తే రైడ్లు దాని చుట్టూ తిరగాలి. గుంజలు ఎక్కువైతే తిరగడానికి చోటుండదు. ఈ కారణంతోనే ఆరు రాత్రులకు అందరూ కలిసి కూర్చునే భోజనాలు నాలుగుకు మించవద్దన్నాను.

మ్యాజిక్ కింగ్‌డమ్ రోజుకు క్రిస్టల్ ప్యాలెస్. 1971లో పార్కుతోపాటే తెరిచిన భోజనశాల, మెయిన్ స్ట్రీట్ చివర ఉంటుంది, బఫే. ఎనిమిది మందికి 11:40 ప్రాంతంలో లేదు. నలుగురేసి చొప్పున వెతికితే 11:35కి ఒకటి, 11:45కి ఒకటి దొరికాయి. పెద్ద టేబుళ్లు ఎక్కడైనా తక్కువే. నలుగురి టేబుళ్లు మాత్రం వస్తూ పోతూ ఉంటాయి. పక్కపక్కన వేస్తారన్న హామీ ఉండదు, అడగవచ్చంతే. బఫే కాబట్టి ఒకరి కోసం ఒకరు ఆగక్కర్లేదు, అందుకే ఇక్కడ విడదీయడానికి వెనుకాడలేదు. ముందు వేళ టేబుల్ మీద తాతగారు, బామ్మగారు, కొడుకు, పాప. ఎందుకంటే ఆ రెంటిలో వేళ పట్టింపు ఉన్నది తాతగారికే. పాప ఎందుకంటే, బఫేలో తాతయ్య వెంట తిరిగి ఏది తీపో చూసి చెప్పే పని ఆమె కోరి తీసుకుంది.

యానిమల్ కింగ్‌డమ్ రోజుకు సనా. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ హోటల్లో కిడానీ విలేజ్ వైపు ఉంటుంది, కిటికీల అవతల గడ్డిమైదానంలో జంతువులు తిరుగుతుంటాయి. పార్కు నుంచి ఆ హోటల్‌కు నేరుగా బస్సుంది, దూరం తక్కువ. ఇక్కడ రెండు నిర్ణయాలు. ఒకటి, రాత్రికి కాకుండా మధ్యాహ్నానికే తీసుకోవడం. చీకటి పడ్డాక జిరాఫీ ఎదురుగా నిలబడ్డా సరిగ్గా కనబడదు. రెండోది, అక్కడ బఫే కాదు కాబట్టి తాతగారి సంచిలో ముందే ఒక చిన్న ఆహారం ఉంచడం, వేళ జారితే అది తినడం. ఆఫ్రికా, భారతీయ వంటలు కలిసిన చోటు అది. నాన్, పరాఠాల వంటి రొట్టెలతో రకరకాల చట్నీలు తెచ్చిపెట్టే బ్రెడ్ సర్వీస్ దాని పేరు మోగేలా చేసింది. మన పెద్దవాళ్లకు తెలిసిన రుచులు. కానీ తెలిసినట్టు కనబడే తిండిలోనే అడగడం మరిచిపోతాం. నాన్ పిండిలో గుడ్డు కలిపే పద్ధతి చాలా వంటశాలల్లో ఉంది. అందుకే "శాకాహారం" అని చెప్పి ఊరుకోవద్దని, "గుడ్డు వద్దు, మాంసం ఉడికించిన నీళ్లు కూడా వద్దు" అని చెప్పమని కోడలికి చెప్పాను. సూపుల్లో, అన్నంలో కోడి మాంసం నీళ్లు వాడినా అక్కడ చాలామంది దాన్ని మాంసంగా లెక్కించరు. డిస్నీ మెనూల్లో ఆకు గుర్తు ఉన్న వంటకంలో మాంసం, పాలు, గుడ్డు, తేనె ఏవీ ఉండవు. గుడ్డు తప్పించాలనుకునే బామ్మగారికి ఆకు గుర్తు తేలికైన కొండగుర్తు, పెరుగు లేకపోవడమే లోటు.

మిక్కీని చూడాలన్నది బాబు కోసం. షెఫ్ మిక్కీస్ వదిలేసి రివియేరా హోటల్లోని టోపోలీనోస్ టెరేస్‌లో టిఫిన్ చూశాం. ఎందుకంటే ఆ హోటల్ స్కైలైనర్ దారిలోనే ఉంది. గది నుంచి బయలుదేరి కరీబియన్ బీచ్ హోటల్ స్టేషను దగ్గర ఒకసారి మారితే చాలు, తోపుడుబండి మడవక్కర్లేదు. మిక్కీ, మిన్నీ, డోనాల్డ్, డైసీ చిత్రకారుల్లా, శిల్పుల్లా వేషాలు కట్టుకుని టేబుల్ దగ్గరికి వస్తారు. దీన్ని బస చివరి రోజుల్లో పెట్టాం. ఇది అందరికీ చెప్పే చిట్కా గానీ, కారణం చెప్పేవాళ్లు తక్కువ: హోటల్ వాళ్లకు చెక్-ఇన్ నుంచి లెక్క కాబట్టి, ఆరో రోజు బుకింగును వాళ్లు 65 రోజుల ముందే చూడగలరు. బయట దిగేవాళ్లకు, తర్వాతి రోజుల్లో హోటల్లో దిగబోయేవాళ్లకు ఆ రోజు ఇంకా తెరుచుకోదు. పోటీ అంత మేరకు తక్కువ. ఈసారి ఎనిమిది మందికి ఒకే టేబుల్ దొరికింది ఈ ఒక్కచోటే. ఫొటో కావాల్సింది కూడా ఇక్కడే.

నాలుగోది ఎప్‌కాట్‌లో సాయంత్రం 5 గంటల భోజనం. స్కైలైనర్ దిగితే ఎప్‌కాట్ వెనక ద్వారం వస్తుంది, బ్రిటన్, ఫ్రాన్స్ పేర్లతో కట్టిన మంటపాల మధ్య. ఇలాంటి దేశాల మంటపాలన్నీ ఉన్న వరల్డ్ షోకేస్ సరస్సు చుట్టూ నడక మైలు దాటుతుంది. అందుచేత ఆ ద్వారానికి దగ్గరలో ఉన్నదే చూశాం.

హాలీవుడ్ స్టూడియోస్ రోజుకు ఏ బుకింగూ పెట్టలేదు. ఫోన్‌లో ముందే ఆర్డర్ ఇచ్చి తీసుకునే కౌంటర్లు చాలు. అక్కడికి బామ్మగారు పులిహోర కట్టుకుని వెళ్లవచ్చా అని సందేహంగా అడిగారు. నిక్షేపంగా వెళ్లవచ్చు. వేడి చేయక్కర్లేని తిండిని పార్కులోకి తీసుకెళ్లనిస్తారు. గాజు సీసాలు, మద్యం కుదరదు. చల్లపెట్టెలో విడి ఐసు ముక్కలు వద్దు, ఐస్ ప్యాక్‌లు పెట్టుకోవచ్చు. ఘాటు వాసన వచ్చేవి వద్దంటారు కాబట్టి ఆవకాయ హోటల్లోనే ఆగిపోయింది.

స్పేస్ 220 ఇద్దరికి మాత్రమే, ఎప్‌కాట్ రోజు మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో, అంటే తక్కినవాళ్లు హోటల్లో విశ్రాంతి తీసుకునే వేళ. మొదట దొరకలేదు. రెండు గంటల రద్దు నిబంధన ఉంది కాబట్టి ముందు రోజు రాత్రి, ఆ రోజు ఉదయం టేబుళ్లు వదులుతారని, అప్పుడు చూడమని తమ్ముడికి చెప్పాను. ముందు రోజు రాత్రి అతనే పట్టుకున్నాడు.

అక్కడ ఏం జరిగింది

క్రిస్టల్ ప్యాలెస్‌లో రెండు టేబుళ్లూ ఒకదానికొకటి దూరంగా పడ్డాయి. బాబు రెంటి మధ్య పరుగులు తీశాడు, తల్లి వాడి వెనక. తాతగారు మాత్రం కూర్చుని, కంచం తెచ్చుకుని, ఇంజెక్షన్ తీసుకుని, తినడం మొదలుపెట్టేసరికి పన్నెండు కాలేదు. ఆ మధ్యాహ్నం మరో రెండు గంటలు పార్కులో నడవగలిగారని కొడుకు మెసేజ్ పెట్టాడు.

సనాలో షెఫ్ స్వయంగా వచ్చి ఏ రొట్టెలో గుడ్డుందో, ఏ చట్నీలో వెల్లుల్లి ఉందో ఒక్కొక్కటిగా చెప్పాడట. బామ్మగారు వినేసి, గుడ్డు లేని రొట్టెలు రెండు, చింతపండు చట్నీ తీసుకున్నారు. కిటికీ పక్క టేబుల్ దొరకలేదు. పాప లేచి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది, జిరాఫీ వచ్చింది.

ఎప్‌కాట్ సాయంత్రం విషయంలో నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. జూన్‌లో ఓర్లాండోలో మధ్యాహ్నాలు ఉరుములతో వాన కురవడం మామూలే. పిడుగుల వేళ స్కైలైనర్ ఆపేస్తారు. ఐదు గంటల బుకింగ్‌ను మూడింటి లోపే వదులుకోవాలి. అందుకని 2:30కి ఒకరు ఆకాశం, వాతావరణ పటం చూసి, వెళ్దామో మానేద్దామో తేల్చేయాలని ముందే అనుకున్నాం. ఆ ఒకరు కొడుకు. ఎనిమిది మంది కలిసి తేల్చాలంటే నాలుగవుతుంది. ఆ రోజు రెండున్నరకు పడమర అంతా నల్లగా ఉంది. బస్సులు ఉంటాయి గానీ, తడిసిన మోకాళ్లతో బామ్మగారిని బస్సెక్కించి ముందు గేటు నుంచి వెనక్కి నడిపించడం దేనికని రద్దు చేశాడు. హోటల్ భోజనశాలలో తిన్నారు. 80 డాలర్లు మిగిలాయి, తాతగారు ఆరున్నరకే పడుకున్నారు. అప్పటికే ఎప్‌కాట్‌లో ఉన్న తమ్ముడు, అతని భార్య వానలో చిక్కుకుని, ఏదో మంటపంలో గంటసేపు కూర్చుని, అదే వాళ్లకు సెలవుల్లో బాగున్న గంట అని చెప్పారు.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో మారినవి

వచ్చినవాళ్ల చేతిలో జాబితా ఉంటే, అందులో ప్రతి పేరు పక్కన అది ఎవరి కోరికో రాయించుకుంటున్నాను. చాలాసార్లు ఆ ఒక్క పనితోనే జాబితా సగమవుతుంది. మందుల వేళలున్న పెద్దవాళ్లుంటే ముందు మధ్యాహ్నాలు కుదురుస్తాను. సాయంత్రాల సంగతి ఆలస్యంగా చూసినా నడుస్తుంది. పెద్ద కుటుంబాలకు "అందరం ఒకచోట" అన్న భోజనం బసకు ఒక్కటి చాలని, దాన్ని చివరి రోజుల్లో పెట్టుకోమని చెబుతున్నాను.

దొరికినవన్నీ పట్టేసుకునే పద్ధతిని నేను కొట్టిపారేయను. ఇద్దరు పెద్దవాళ్లు, చురుకైన ఇద్దరు పిల్లలు ఉన్న ఇంటికి అది బాగానే నడుస్తుంది. రద్దు చేయడం గుర్తుపెట్టుకునే మనిషి ఇంట్లో ఒకరు ఉండాలి, అంతే. ఈ ఇంట్లో ఆ మనిషి కోడలే. ఆమెకు అప్పటికే చాలా పనులున్నాయి.

టేబుళ్లు విడదీసేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన చిన్న విషయం ఒకటుంది. ఆరుగురు, అంతకు మించి ఉన్న టేబుల్‌కు బిల్లులోనే 18 శాతం టిప్పు కలిపి ఇస్తారు. నలుగురేసి కూర్చుంటే కలపరు, మనమే వేయాలి. క్రిస్టల్ ప్యాలెస్‌లో ఒక టేబుల్ మీద కొడుకు లెక్కగా వేశాడు. రెండో టేబుల్ బిల్లు తమ్ముడిది. అందులోనూ కలిసే ఉంటుందనుకుని సంతకం పెట్టబోతుంటే అతని భార్య బిల్లు వెనక్కి లాక్కుని అంకె రాసింది. ఇప్పుడు టేబుల్ విడదీసిన ప్రతి బుకింగ్ కింద "టిప్పు కలపరు" అని ఒక వరుస రాసిస్తున్నాను.